నాట్యమే విద్యగా: కేథరిన్ డన్‌హామ్ జీవితం

కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న వాదం తెలుగు సాహిత్య లోకంలో చాలాకాలం సాగింది. సభలలోనూ, పత్రికలలోనూ ఉభయపక్షాలవారూ తమ తమ యుక్తులను వినిపించారు. ఆ ప్రశ్నకు వాదంతో గాక జీవితంతో సమాధానం చెప్పిన కళాకారులు ఏ దేశంలోనైనా కొద్దిమందే ఉంటారు. అటువంటివారిలో అమెరికా దేశపు నల్లజాతి నర్తకి, నృత్యాచార్యిణి కేథరిన్ డన్‌హామ్ ఒకరు. ఖండఖండాంతరాలలో ప్రేక్షకుల నీరాజనాలు అందుకున్న ఈ విదుషి, అరవయ్యో ఏడు సమీపిస్తున్న వేళ, పొగచూరిన ఒక పేద పారిశ్రామిక పట్టణాన్ని వెతుక్కుంటూ వెళ్లి, అక్కడి పిల్లలకు నాట్యం నేర్పడానికి కూర్చున్నారు. ఆ నిర్ణయం వెనుక ఉన్న విశ్వాసమేమిటో, అది ఎంతవరకు ఫలించిందో తెలుసుకోవడం విద్యతో సంబంధం ఉన్న ప్రతివారికీ ప్రయోజనకరం.

బాల్యం

కేథరిన్ 1909 జూన్ 22న అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో జన్మించారు. తండ్రి ఆల్బర్ట్ డన్‌హామ్ నల్లజాతీయుడు. దర్జీపని, బట్టల డ్రైక్లీనింగు ఆయన వృత్తి. తల్లి ఫానీ జూన్ విద్యావంతురాలు, పాఠశాల నిర్వహణలో పనిచేసిన వ్యక్తి. చికాగో నగరానికి చేరువలోని గ్లెన్ ఎలిన్ అనే ఊరిలో ఆ కుటుంబం కాపురముండేది. చుట్టుపక్కల అంతా తెల్లవారే. నల్లజాతి గృహస్థు తమ మధ్య ఇల్లు కట్టుకోవడం ఇరుగుపొరుగువారికి రుచించలేదు. తాను పుట్టిన దేశంలో తన చర్మపు రంగే తనకు అడ్డుగోడ అవుతుందన్న సత్యం ఆ బాలికకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే అనుభవానికి వచ్చింది.

ఆమె పసితనంలోనే తల్లి మరణించారు. కేథరిన్, ఆమె అన్న ఆల్బర్ట్ జూనియర్ కొంతకాలం చికాగోలో మేనత్త సంరక్షణలో పెరిగారు. తరువాత తండ్రి పునర్వివాహం చేసుకుని, జోలియెట్ అనే పట్టణంలో డ్రైక్లీనింగు దుకాణం నెలకొల్పి, పిల్లలిద్దరినీ తన వద్దకు తీసుకుపోయారు. తండ్రిది కటువైన స్వభావం. ఇంట్లో ప్రేమకంటె క్రమశిక్షణ, క్రమశిక్షణకంటె చాకిరీ ఎక్కువ. సవతితల్లి వాత్సల్యమూ, అన్నగారి స్నేహమూ ఆ పిల్లకు ఊరట. ఈ సంవత్సరాల కథను ఆమె తరువాతి కాలంలో ఒక ఆత్మకథాత్మక గ్రంథంగా రచించి 1959లో ప్రకటించారు. తండ్రి పట్ల కోపాన్ని గాని, తన పట్ల జాలిని గాని ఆశ్రయించకుండా సాగిన ఆ రచన ఆమెను రచయిత్రిగా కూడా నిలబెట్టింది.

పదిహేనేళ్ల ప్రాయంలో, తమ చర్చికి నిధులు సమకూర్చడానికి ఆమె తోటిపిల్లలను కూడగట్టి ఒక వినోద ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆటపాటలతో ఒక సమాజానికి మేలు చేయవచ్చునన్న తొలిపాఠం అక్కడే దొరికిందనుకోవచ్చు. నలభై ఏళ్ల తరువాత ఆమె తలపెట్టిన మహత్కార్యానికి ఆ చిన్న ప్రదర్శన బీజప్రాయం.

విశ్వవిద్యాలయంలో

అన్నగారు చికాగో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుతూ చెల్లెలిని కూడా అక్కడికి రప్పించారు. ఖర్చుల నిమిత్తం ఆమె నగర గ్రంథాలయ శాఖలో ఉద్యోగం చేశారు. పగలు చదువు, కొలువు, సాయంత్రాలు నాట్యాభ్యాసం. రష్యా నుంచి వచ్చిన లుడ్మిలా స్పెరాంజెవా వద్దా, చికాగో నాట్యరంగ ప్రముఖులు రూత్ పేజ్, మార్క్ టర్బిఫిల్‌ల వద్దా ఆమె బాలే నేర్చుకున్నారు. నల్లజాతి విద్యార్థులకు బాలే నేర్పే గురువులు ఆ రోజుల్లో అరుదు. ఆ లోటు తీర్చాలని ఆమె విద్యార్థి దశలోనే నల్లజాతి నర్తకులతో ఒక బృందాన్ని, తరువాత ఒక నాట్యశాలను ప్రారంభించారు. డబ్బు లేక అవి నిలవలేదు. ఆమె పట్టుదల మాత్రం నిలిచింది.

ఆ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ అనే ఆచార్యుడు మానవశాస్త్రం బోధించేవారు. నల్లజాతి అమెరికన్ల జీవితంలో, ప్రత్యేకించి వారి నృత్యాలలో, ఆఫ్రికా సంస్కృతి ఎంతగానో మిగిలి ఉందని ఆయన ఒక ఉపన్యాసంలో వివరించారు. ఆ మాట కేథరిన్ జీవితాన్ని మలుపు తిప్పింది. అంతవరకు నాట్యం ఒక దారి, చదువు వేరొక దారి అనుకున్న విద్యార్థినికి రెండూ కలిసే కూడలి కనిపించింది.

ఈ మలుపు ప్రాధాన్యం తెలియాలంటే నాటి పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. బానిసలుగా అమెరికాకు తరలించబడిన నల్లజాతివారికి గతమంటూ ఏదీ లేదని, సముద్రం దాటుతుండగానే వారి భాష, మతం, కళ సమస్తం తుడిచిపెట్టుకుపోయాయని, మిగిలినది తెల్లవారిని అనుకరించగా వచ్చినదేనని పండితులలో కూడా అనేకులు నమ్మేవారు. ఈ అపోహను ఖండిస్తూ మెల్విల్ హెర్స్‌కోవిట్స్ అనే మానవశాస్త్రవేత్త 1941లో ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. అంతకు ఆరేళ్ల ముందే, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆయన వద్ద శిక్షణ పొంది, అదే సత్యాన్ని నాట్యంలో వెదకడానికి బయలుదేరిన పరిశోధకురాలు డన్‌హామ్.

పరిశోధన వేతనం కోసం రోజెన్‌వాల్డ్ సంస్థ పెద్దల ఎదుట హాజరైనప్పుడు జరిగిన సంఘటనను ఆమె జీవితకథలన్నీ చెబుతాయి. తన ఉద్దేశాన్ని మాటల్లో వివరించడానికి బదులు ఆమె ఆ గదిలోనే మొదట బాలే భంగిమలు, పిమ్మట ఆఫ్రికా పద్ధతి నృత్యం చేసి చూపారట. రెండింటికీ గల భేదం పెద్దలకు కళ్ల ఎదుట కనిపించింది. వేతనం మంజూరైంది.

దీవులలో పరిశోధన

1935లో ఆమె కరీబియన్ దీవులకు ప్రయాణమయ్యారు. అమెరికా ఖండానికి తెచ్చిన ఆఫ్రికా బానిసలలో అత్యధికులు ఈ దీవుల చెరకుతోటలలోనూ, బ్రెజిల్‌లోనూ దిగినవారే. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలాచోట్ల యజమానులు బానిసల డోళ్లను నిషేధించగా, ఈ దీవులలో డోలు మోత ఆగలేదు. అందువల్ల ఆఫ్రికా నృత్యాలు ఇక్కడ స్పష్టంగా నిలిచాయి.

జమైకాలోని అకాంపాంగ్ అనే కొండ ఊరు ఆమె మొదటి మజిలీలలో ఒకటి. యజమానుల వద్దనుండి పారిపోయి, ఆంగ్ల సైన్యాన్ని ఎదిరించి, స్వేచ్ఛను ఒప్పంద రూపంలో సాధించుకున్న మరూన్ల సంతతి అక్కడ నివసిస్తున్నది. వారి యుద్ధనృత్యాన్ని చూడాలని ఆమె కోరిక. కొత్తవారి ముందు దానిని ఆడడానికి ఊరివారికి మనసొప్పలేదు. ఆమె తొందరపడలేదు. వారితో కలిసి తిరిగి, వారి ముచ్చట్లు విని, చాలా రోజులు వేచి ఉన్న మీదట ఆ నృత్యాన్ని చూడడమే గాక తానూ అందులో పాదం కలపగలిగారు. ఈ ప్రయాణం గురించి ఆమె రాసిన పుస్తకం 1946లో వెలువడింది.

మార్టినీక్, ట్రినిడాడ్ దీవులను కూడా దర్శించిన మీదట ఆమె హైతీ చేరుకున్నారు. బానిసలు తిరుగుబాటు చేసి 1804లో స్వతంత్ర రాజ్యంగా స్థాపించుకున్న దేశమది. అక్కడి ప్రజల వోడున్ మతంలో నృత్యం పూజావిధానంలో భాగం. ఒక్కొక్క దేవతకు ఒక్కొక్క దరువు, ఒక్కొక్క నడక. దంబాలా అనే సర్పదేవతకు అంకితమైన యన్వలూ నృత్యంలో మోకాళ్లు వంగి, వెన్నెముక మెడ వరకు అలలు అలలుగా కదులుతుంది. కేథరిన్ దూరంగా కూర్చుని రాసుకునే పరిశోధకురాలిగా మిగిలిపోలేదు. ఆ మతంలో ప్రాథమిక దీక్ష స్వీకరించి, ఆ అడుగులను తన శరీరంతో నేర్చుకున్నారు. హైతీతో ఆమె బంధం జీవితాంతం కొనసాగింది. ఆ దేశ నృత్యాలపై రాసిన శాస్త్రగ్రంథం 1947లోనూ, అక్కడి జ్ఞాపకాల గ్రంథం 1969లోనూ వెలువడ్డాయి.

1936లో తిరిగివచ్చి పట్టం పుచ్చుకున్న పిదప ఆమె ముందు రెండు మార్గాలు నిలిచాయి. ఒకటి ఆచార్య పదవికి దారితీసే పరిశోధన. మరొకటి రంగస్థలం. ఆమె రెండవదానిని ఎంచుకున్నారు. అయితే మొదటిదానిని విడిచిపెట్టలేదు. గ్రంథాలయంలో కొద్దిమంది చదివే విషయాన్ని వేలాదిమంది కళ్ల ఎదుట నిలపడమే తన పరిశోధన అనుకున్నారు.

విశ్వరంగస్థలం

ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ కళాకారుల కోసం అమెరికా ప్రభుత్వం ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు అనే పథకం నడిపింది. ఆ పథకం కింద 1938లో చికాగోలో ఆమె కూర్చిన ‘లాగ్యా’ నృత్యరూపకం ప్రదర్శితమైంది. మార్టినీక్ దీవిలోని జాలరుల కథ అది. అక్కడి మల్లయుద్ధ నృత్యమే దానికి పేరు, పరాకాష్ఠ కూడా. దుస్తులు, రంగాలంకరణ రూపొందించినవారు జాన్ ప్రాట్. శ్వేతజాతీయుడైన ప్రాట్‌ను ఆమె 1941లో వివాహమాడారు. నాటి అమెరికాలో అనేక రాష్ట్రాల చట్టాలు అటువంటి వివాహాన్ని నేరంగా పరిగణించేవి. 1986లో ఆయన మరణించే వరకు ఆ దాంపత్యమూ, కళాసహకారమూ సాగాయి. వారు మేరీ క్రిస్టీన్ అనే బాలికను దత్తత చేసుకున్నారు.

1940లో న్యూయార్క్ నగరంలో ఇచ్చిన ప్రదర్శనతో డన్‌హామ్ పేరు మారుమోగింది. అదే సంవత్సరం ‘కేబిన్ ఇన్ ది స్కై’ అనే సంగీత నాటకానికి సుప్రసిద్ధ నృత్యదర్శకుడు జార్జ్ బాలంచీన్‌తో కలిసి పనిచేశారు, తానూ నటించారు. 1943లో ‘స్టార్మీ వెదర్’ చిత్రంలో ఆమె బృందం కనిపించింది. తరువాతి రెండు దశాబ్దాలలో ఐరోపా, లాటిన్ అమెరికా, ఆసియా, ఆస్ట్రేలియా ఖండాల నగరాలలో ఆ బృందం ప్రదర్శనలిచ్చింది. ప్రభుత్వ పోషణ లేకుండా, టిక్కెట్ల రాబడి మీదనే ఒక నల్లజాతి నృత్యబృందం అంతకాలం నిలవడం అపూర్వం.

ఈ పర్యటనల నడుమనే ఆమె ఒక నూతన శిక్షణ పద్ధతిని తీర్చిదిద్దారు. దానినే నేడు డన్‌హామ్ పద్ధతి అంటారు. బాలేలో నడుము, వెన్ను నిట్టనిలువుగా ఉండి కాళ్లూ చేతులూ గీతలు గీస్తాయి. డన్‌హామ్ పద్ధతిలో వెన్నెముక నదిలా కదలాలి. భుజం, రొమ్ము, కటి, తల ఒక్కొక్కటి విడివిడిగా కదలగలగాలి. ఒక అవయవం ఒక లయను, మరొక అవయవం వేరొక లయను పలికించాలి. ఊపిరితో కదలిక మొదలవుతుంది. బాలే అభ్యాసానికి వాడే కర్రకమ్మీ వద్ద సాధనతో ఆరంభించి, పిమ్మట నేలపై వరుసలుగా సాగుతూ, డోలు వాద్యగాళ్లు ఎదుట వాయిస్తుండగా విద్యార్థి నేర్చుకుంటాడు. ప్రతి అడుగూ ఏ ప్రాంతానిదో, ఏ సందర్భంలో పుట్టిందో కూడా తెలుసుకోవాలి. అర్థం తెలియని అడుగు ఆమె దృష్టిలో వ్యాయామం మాత్రమే.

1940 దశకం మధ్యలో న్యూయార్క్‌లో ఆమె నెలకొల్పిన పాఠశాల ఈ భావానికి రూపకల్పన. అక్కడ నృత్యంతోపాటు నటన, భాషలు, మానవశాస్త్రం, తత్త్వశాస్త్రం బోధించేవారు. నల్లవారు, తెల్లవారు ఒకే గదిలో కూర్చుని నేర్చుకునేవారు. తరువాతి కాలంలో చిత్రసీమలో పేరు గాంచిన మార్లన్ బ్రాండో, జేమ్స్ డీన్ ఆ పాఠశాలలో అభ్యసించినవారే. గాయని ఎర్తా కిట్ పదహారేళ్ల ప్రాయంలో డన్‌హామ్ బృందంలో చేరి ఎదిగిన కళాకారిణి. పాఠశాలకయ్యే వ్యయమంతా బృందం సంపాదనతో పూడ్చవలసి వచ్చేది. ఆ భారం మోయలేక 1950 దశకంలో పాఠశాల మూతపడింది.

వర్ణవివక్షతో పోరు

చప్పట్లు ఎన్ని మోగినా వర్ణవివక్ష ఆమె వెంట నీడలా నడిచింది. ప్రదర్శన అయిన తరువాత బస చేయడానికి గది దొరకని పట్టణాలు ఎన్నో. 1944 అక్టోబరులో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో నల్లజాతి ప్రేక్షకులను వేరుగా కూర్చోబెట్టారు. ప్రదర్శన ముగిశాక ఆమె వేదిక ముందుకు వచ్చి, తనవంటివారు మీ పక్కన కూర్చోవడానికి వీలులేనంతవరకు మళ్లీ ఇక్కడ ఆడబోనని సభాముఖంగా ప్రకటించారు. 1950లో బ్రెజిల్‌లోని సావో పౌలో నగరంలో ఒక పెద్ద హోటలు ఆమెకు గది నిరాకరించింది. ఆమె మౌనం వహించలేదు. విషయం పత్రికలకెక్కి దేశమంతటా అలజడి రేగింది. మరుసటి సంవత్సరం, 1951 జులైలో, వర్ణవివక్షను శిక్షార్హమైన చర్యగా ప్రకటిస్తూ బ్రెజిల్‌లో మొదటి చట్టం వచ్చింది. ఆ చట్టం రావడానికి ఈ ఘటన ముఖ్య ప్రేరణ.

అదే కాలంలో ఆమె ‘సౌత్‌లాండ్’ అనే నృత్యరూపకాన్ని కూర్చారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి యువకులను మూకలు చెట్టుకు ఉరితీసే ఘోరాన్ని అది చిత్రించింది. 1951లో చిలీ రాజధాని శాంటియాగోలో ప్రదర్శితమైన ఈ రూపకం అమెరికా దౌత్యాధికారుల ఆగ్రహానికి గురైంది. స్వదేశపు మచ్చను పరదేశంలో చూపడం వారికి తప్పుగా తోచింది. 1953లో ప్యారిస్‌లో ఆమె దానిని తిరిగి ప్రదర్శించారు. విదేశాంగ శాఖ సాంస్కృతిక పర్యటనలకు ధనసహాయం చేసిన ఆ దశకంలో డన్‌హామ్ బృందానికి ఆ సహాయం లభించలేదు. నిజం చెప్పినందుకు ఆమె చెల్లించిన మూల్యం అది. 1960 తరువాత బృందం క్రమంగా విడిపోయింది.

ఈస్ట్ సెయింట్ లూయిస్

1963లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో ‘ఐదా’కు నృత్యాలు కూర్చారు. 1966లో సెనెగాల్ రాజధాని డకార్‌లో జరిగిన ప్రథమ ప్రపంచ నల్లజాతి కళోత్సవానికి సలహాదారుగా వ్యవహరించారు. కీర్తికి కొదువ లేదు. విశ్రాంతి కోరుకుంటే తప్పుపట్టేవారూ లేరు. సరిగ్గా ఈ సమయంలో దక్షిణ ఇలినాయ్ విశ్వవిద్యాలయంతో ఏర్పడిన అనుబంధం ఆమెను ఈస్ట్ సెయింట్ లూయిస్ పట్టణానికి చేర్చింది.

మిసిసిపీ నదికి ఒక ఒడ్డున మహానగరం సెయింట్ లూయిస్, ఎదుటి ఒడ్డున ఈ పట్టణం. పశువుల సంతలు, మాంసం కర్మాగారాలు, లోహ పరిశ్రమలు ఒకప్పుడు దానిని పోషించాయి. పని వెతుక్కుంటూ దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు తరలివచ్చాయి. 1917 జులైలో తెల్లజాతి మూకలు వారి ఇళ్లపై పడి తగలబెట్టాయి. అధికారిక లెక్కల ప్రకారమే 39 మంది నల్లజాతివారు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారు అంతకంటె ఎంతో ఎక్కువని చరిత్రకారుల అభిప్రాయం. 1950లో సుమారు 82 వేల జనాభా గల ఆ పట్టణం నుంచి ఆ తరువాత కర్మాగారాలు ఒక్కటొక్కటిగా తరలిపోయాయి. వాటి వెంట తెల్లజాతివారూ తరలిపోయారు. మిగిలినవారికి పని లేదు, పన్నులు లేని పురపాలక సంఘానికి డబ్బు లేదు. వీధుల్లో యువకుల ముఠాలు, ముఠాల చేతుల్లో ఆయుధాలు.

1967 వేసవిలో అమెరికా నగరాలెన్నో నల్లజాతి ప్రజల ఆగ్రహంతో భగ్గుమన్నాయి. ఈస్ట్ సెయింట్ లూయిస్ కూడా అందుకు మినహాయింపు కాలేదు. తనకు పరిచయమైన ఒక స్థానిక యువకుణ్ణి పోలీసులు పట్టుకుపోగా డన్‌హామ్ ఠాణాకు వెళ్లి కారణం అడిగారు. నిలదీసినందుకు ఆమెను కూడా కొంతసేపు నిర్బంధించారు. ప్రపంచ ప్రఖ్యాత కళాకారిణిని లోపల పెట్టారన్న వార్త పొక్కి అధికారులకు తలవంపులైంది. పట్టణ యువకుల దృష్టిలో మాత్రం ఆమె ఆ రోజుతో పరాయి మనిషి కాకుండా పోయారు. వారి కోసం జైలుకు వెళ్లిన పెద్దదిక్కు అయ్యారు.

ఆ సంవత్సరమే ఆమె విశ్వవిద్యాలయం అండతో అక్కడ ప్రదర్శన కళల శిక్షణ కేంద్రాన్ని స్థాపించారు. ముఠాలలో తిరిగే యువకులకు నాట్యమంటే ఆడపిల్లల వ్యవహారం. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుచేత ముందుగా డోళ్లను, కరాటే వంటి యుద్ధవిద్యలను వారి ముందుంచారు. డోలు వాయించాలంటే చేతికి అదుపు కావాలి, పక్కవాడి దెబ్బను వినాలి, తన వంతు వచ్చేవరకు ఆగాలి. వీధిలో అంతవరకు ఎవరూ నేర్పని ఓర్పును డోలు నేర్పింది. కోపాన్ని అణచివేయమని ఆమె చెప్పలేదు. దానికి ఒక తాళం చూపించారు. డోలు కోసం వచ్చినవారిలో కొందరు నృత్యానికీ, అక్కడి నుంచి చదువుకీ మళ్లారు.

బోధకులుగా ఆమె తన పాత బృందంలోని లెన్‌వుడ్ మోరిస్, టామీ గోమెజ్, లూసిల్ ఎలిస్ వంటి ఉద్దండులను రప్పించారు. సెనెగాల్ నుంచి మోర్ థియామ్ అనే డోలు విద్వాంసుడు వచ్చి చేరారు. ఆఫ్రికా నుంచి వచ్చిన గురువు ఎదుట కూర్చుని అమెరికా నల్లజాతి పిల్లవాడు డోలు పట్టడమంటే, మూడు శతాబ్దాల క్రితం తెగిన దారాన్ని మళ్లీ ముడివేయడమే. డన్‌హామ్ పద్ధతితో పాటు ఆఫ్రికా నృత్యం, వాద్యం, నాటకం, భాష, చరిత్ర, మానవశాస్త్రం పాఠ్యక్రమంలో చోటు చేసుకున్నాయి. పసిపిల్లలకు ప్రత్యేకంగా తరగతులు జరిగేవి. పెద్ద విద్యార్థుల అభ్యాసానికి విశ్వవిద్యాలయ గుర్తింపు కూడా లభించింది. అందువల్ల పాఠశాల మధ్యలో మానేసిన యువకులకు సైతం డోలు మార్గాన కళాశాల గడప కనిపించింది.

ఈ బోధన వెనుక గల తత్త్వాన్ని ఆమె కళల ద్వారా సాంఘికీకరణ అని పిలిచేవారు. పిల్లవాడు మొదట తన్ను తాను పరీక్షించుకోవాలి. ఉద్వేగాల నుంచి కాస్త ఎడంగా నిలబడి చూడడం నేర్చుకోవాలి. ఏది మంచిదో, ఏది కాదో విచక్షణతో ఎంచుకోవాలి. ఆత్మపరిశీలన, నిస్సంగత, విచక్షణ అనే ఈ మూడు గుణాలూ నాట్యంలో అడుగడుగునా అవసరం. నాట్యశాల దాటిన తరువాత జీవితంలో అంతకంటె అవసరం. మీకు గతం లేదని పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెబుతున్న చోట, మీ నడకలోనే, మీ భుజాల కదలికలోనే మీ తాతముత్తాతల చరిత్ర ఉందని ఆమె చూపారు. తన విలువ తెలిసిన పిల్లవాడు ఎదుటివాడి విలువను గుర్తిస్తాడన్నది ఆమె దృఢ విశ్వాసం. 1970లో ఆ కేంద్రపు పిల్లలు వాషింగ్టన్‌లో బాలల సంక్షేమంపై జరిగిన శ్వేతభవన సదస్సులో ప్రదర్శన ఇచ్చారు. 1977లో తన పర్యటనలలో సేకరించిన వాద్యాలు, దుస్తులు, కళాఖండాలతో ఆమె అదే పట్టణంలో ఒక ప్రదర్శనశాలను తెరిచారు. పారిస్‌లోనో, న్యూయార్క్‌లోనో ఉండదగిన వస్తుసంపద ఆ పేద పట్టణపు పిల్లలు నడిచివెళ్లగలిగిన దూరంలో నిలిచింది.

ఇంత చేసినా ఒక నాట్యశాల కర్మాగారాలను తిరిగి తేలేదు. కూలిన ఇళ్లను నిలబెట్టలేదు. 1990 నాటికి పట్టణ జనాభా సుమారు 41 వేలకు, అంటే 1950 నాటి దానిలో సగానికి, పడిపోయింది. నిధుల కొరత కేంద్రాన్ని ఏనాడూ విడవలేదు. శిక్షణ పొందిన యువకులు కొందరు ఉద్యోగాల కోసం ఊరు విడిచి వెళ్లారు. కొందరు పాత దారినే పట్టారు. డన్‌హామ్ ఈ వాస్తవాలను ఎరుగనివారు కారు. అయినా ఆమె ఆ పట్టణంలోనే ఇల్లు ఏర్పరచుకుని, ఆ వీధులలోనే మూడు దశాబ్దాలు గడిపారు. ఊరంతటినీ మార్చలేకపోతే ఒక్క పిల్లవాడి భవిష్యత్తయినా మార్చవచ్చుననే గురువు ఓపిక ఆమెది. అక్కడ నేర్చుకున్నవారిలో పలువురు తామే బోధకులై, అదే పద్ధతిని ఇతర పట్టణాల పిల్లలకు అందించారు.

నిరాహార దీక్ష

ఆమె జీవితంలోని చివరి మహాఘట్టం కూడా ఈ పట్టణంలోనే జరిగింది. 1991 సెప్టెంబరులో హైతీ సైన్యం ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుడు జాన్ బెర్ట్రాండ్ అరిస్టీడ్‌ను పదవీచ్యుతుణ్ణి చేసింది. ప్రాణభయంతో వేలాదిమంది పడవలలో అమెరికా వైపు సాగిపోగా, అమెరికా ప్రభుత్వం వారిని నడిసముద్రంలో అడ్డగించి వెనక్కి పంపసాగింది. తనకు ఆశ్రయమిచ్చి, తన కళకు ప్రాణం పోసిన ప్రజలకు జరిగిన ఈ అన్యాయాన్ని డన్‌హామ్ సహించలేకపోయారు. 1992 ఫిబ్రవరిలో, 82 ఏళ్ల వయసులో, మోకాళ్ల వ్యాధితో నడవడమే కష్టమైన స్థితిలో ఆమె నిరాహార దీక్ష పూనారు. నర్తకికి శరీరమే సాధనం. ఆ సాధనాన్నే ఆమె పణంగా ఒడ్డారు. దీక్ష 47 రోజులు సాగింది. చివరకు అరిస్టీడ్ స్వయంగా వచ్చి ప్రార్థించిన మీదట విరమించారు. ప్రభుత్వ విధానం తక్షణం మారలేదు. అయితే పడవలలోని అనామకుల గోడు అమెరికా ప్రజల ఇళ్లలో వినిపించింది.

గౌరవాలు ఆమెను ఆలస్యంగా వరించాయి. 1983లో కెనెడీ కేంద్ర పురస్కారం, 1989లో జాతీయ కళా పతకం లభించాయి. బాల్యంలో డన్‌హామ్ బృందాన్ని చూసి ముగ్ధుడై నాట్యంలోకి వచ్చిన ప్రఖ్యాత నృత్యదర్శకుడు ఆల్విన్ ఐలీ, 1987లో తన బృందం చేత ఆమె రూపకాలను పునఃప్రదర్శింపజేసి గురుఋణం తీర్చుకున్నారు. చివరి సంవత్సరాలను న్యూయార్క్‌లో గడిపిన కేథరిన్ డన్‌హామ్ 2006 మే 21న, 97వ జన్మదినానికి ఒక నెల ముందు, పరమపదించారు.

పుట్టినగడ్డకు దూరమైన జనం తమ వెంట తెచ్చుకోగలిగేది కొద్దిగానే. పెట్టెలో పట్టేవి పోతాయి, పాడవుతాయి. నోటిలోని మాట, గొంతులోని పాట, పాదంలోని లయ తరాలు దాటి నిలుస్తాయి; నేర్పేవారు ఉన్నంతవరకే నిలుస్తాయి. బానిసత్వపు చీకటిలో ఒక జాతి గుప్తంగా దాచుకున్న అడుగులను డన్‌హామ్ వెదకి పట్టుకున్నారు, విశ్వవేదికపై వెలిగించారు, ఆ వెలుగును తీసుకువెళ్లి అవసరమైన పిల్లల చేతిలో పెట్టారు. ఈ మూడింటిలో చివరిది ఆమెను గురువులలో గురువుగా నిలిపింది.